పల్లాకు సాయిబుగారి రెండు పచ్చలు

అల్లాబక్ష్‌ని అల్లాబక్ష్ అని పిలిచేవాళ్లు విజయవాడ వించిపేటలో నలుగురైనా ఉండేవాళ్లు గానీ, కంకిపాడు దాటాక ఒక్కరు కూడా లేరు. కాలవ గట్టున ఏ టీకొట్టు ముందు మోపెడ్ ఆపినా "పల్లాకు సాయిబుగారొచ్చారు" అనే అనేవాళ్లు. ఆ పేరు చెవిన పడితే ఆయనకి ఒళ్లు మండేది. మనిషికి ఇంటిపేరు ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది, చేసే ఉద్యోగం పేరైనా ఉంటుంది, తెగులు పేరు ఎవరికైనా ఉంటుందా అని సాయంత్రం ఇంటికొచ్చి భార్య ఆమినాబీ ముందు చిందులు తొక్కేవాడు. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ తల కూడా ఎత్తకుండా, "ఎలకల సాయిబు అనలేదు, సంతోషించండి" అనేది.

పల్లాకు అంటే మినుముకొచ్చే తెగులు. ముందు లేత ఆకు మీద పసుపు చుక్క పడుతుంది. చుక్కలు మచ్చలవుతాయి, మచ్చలు కలిసిపోయి చెట్టు చెట్టంతా పసుపు నీళ్లలో ముంచి తీసినట్టవుతుంది. ఆ తర్వాత కాయ పట్టదు, పట్టినా గింజ నిండదు. తెగులు తెచ్చేది వైరస్, దాన్ని మొక్క నుంచి మొక్కకి మోసేది తెల్లదోమ, వైరస్‌కి మందు లేదు. ఈ నాలుగు ముక్కలూ రైతులకి చెప్పి రమ్మని తొంభైల మొదట్లో వ్యవసాయ పరిశోధనా కేంద్రం వాళ్లు అల్లాబక్ష్‌కి ఒక మోపెడ్ ఇచ్చి ఊళ్ల మీదికి పంపారు. ఆ మోపెడ్‌కి టైర్లు మారాయి, సీటు మారింది, చివరికి ఇంజనే మారింది. ఆ నాలుగు ముక్కలు మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు.

తప్పంతా రైతులదే అనడానికీ లేదు. డెల్టాలో మినుము పండే తీరే వేరు. వరి ఇంకా కోతకు రాకముందే ఆ తడిలో మినుములు చల్లేస్తారు. వరి కోసి పనలు తీసేసరికి కింద మొలకలు కనిపిస్తాయి. దున్నే పని లేదు, నీళ్లు పెట్టే పని లేదు, చలికాలపు మంచుకే పెరిగిపోతుంది. ఊరికే వచ్చే పంటని రోజూ వెళ్లి చూసుకోమంటే ఎవరు చూస్తారు? "పచ్చబడ్డ మొక్క కనిపించగానే పీకెయ్యండి, పీకి తగలబెట్టండి, దాన్ని అలా వదిలేస్తే దోమ దాని మీద వాలి చేనంతటికీ అంటిస్తుంది" అని అల్లాబక్ష్ గొంతు చించుకునేవాడు. రైతులు శ్రద్ధగా వినేవాళ్లు, తలలూపేవాళ్లు, టీ ఇప్పించేవాళ్లు. అంతే, ఆ తర్వాత ఒక్కడు వంగి ఒక్క మొక్క పీకిన పాపాన పోలేదు.

అందరిలోకీ ఆయన ప్రాణం తోడేసినవాడు వెంకటప్పయ్య. ఉయ్యూరు పక్కన చెరకూ, వరీ, వరి వెనక మినుమూ వేసే రైతు. మంచి మనిషే, అందులో సందేహం లేదు. కానీ ప్రతి ఏడూ జనవరి రాగానే పసుపెక్కిన ఆకులు కట్టగా కట్టుకుని కేంద్రం గుమ్మంలో నిలబడేవాడు.

"సాయిబుగారూ, దీనికి మందేంటండీ?"

"మందు లేదండీ. పోయినేడు కూడా చెప్పాను కదా, పీకెయ్యాలి."

"పీకడం కాదండీ, కొట్టడానికి ఏదన్నా..."

"వైరస్‌కి కొట్టే మందు ప్రపంచంలోనే లేదండీ బాబూ!"

"అంటే మీ ఆఫీసులో లేదంటారు" అని వెంకటప్పయ్య ఏమాత్రం నొచ్చుకోకుండా అక్కణ్ణించి తిన్నగా పురుగుమందుల కొట్టుకి పోయేవాడు. కొట్టువాడు ఏ సీసా చేతిలో పెడితే ఆ సీసాతో చేను తడిపేవాడు. మరుసటేడు మళ్లీ అదే కట్ట, అదే గుమ్మం, అదే ప్రశ్న. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ ప్రశ్నకి "ఇదిగోనండీ" అని ఆయన చేతిలో ఏదైనా పెట్టాలని అల్లాబక్ష్‌కి ఉండేది. ఉద్యోగంలో ఆయనకి అంతకుమించి కోరిక లేదు. రిటైర్మెంటు దగ్గరపడేకొద్దీ ఆ ఒక్కటీ పంటినొప్పిలా సలపడం మొదలుపెట్టింది.

అలాంటి రోజుల్లో కేంద్రానికి డాక్టర్ నాగవేణి వచ్చింది. పెడనలో మగ్గం మీద బతికిన ఇంటి పిల్ల, మాట నెమ్మది, పని మొండి. హైదరాబాదు ల్యాబ్‌లో కొందరితో కలిసి మినుముకి కొత్త విద్య నేర్పుతున్నామని చెప్పింది. పల్లాకు వైరస్ జన్యువులోంచి ఒక చిన్న ముక్క కత్తిరించి మినుము జన్యువుల్లో అతికిస్తారు. ఆ ముక్క తనంతట తాను రోగం తేలేదు. కానీ మొక్క దాన్ని ఆనవాలుగా పెట్టుకుంటుంది. అసలు వైరస్ దోమతో పాటు వచ్చినప్పుడు పోల్చుకుని, అది పెరిగేలోపే ముక్కలు ముక్కలు చేసేస్తుంది.

"విజయవాడ స్టేషన్లో జేబుదొంగల ఫోటోలు అంటిస్తారు, అలాగన్నమాట" అన్నాడు అల్లాబక్ష్ చాలాసేపు ఆలోచించి.

నాగవేణి నవ్వింది. "అచ్చం అలాగేనండీ సాయిబుగారూ."

ఆ పోలిక దొరికిన సంబరంలో ఆయన ఊరూరా తిరిగి చెప్పాడు. ఎందుకు చెప్పానురా దేవుడా అని తర్వాత తన నోటిని తనే తిట్టుకున్నాడు. వెంకటప్పయ్య అంతా విని గడ్డం గోక్కుని, "అంటే పల్లాకుని తీసుకెళ్లి ఏకంగా గింజలోనే పెట్టేస్తారన్నమాట, బయట దోమ తెచ్చేది చాలక" అన్నాడు.

"తెగులు కాదండీ, దాని ఫోటో! ఫోటో జేబు కొడుతుందాండీ?"

"ఏమోనండీ. గవర్నమెంటు తీసిన ఫోటో, దేన్నీ నమ్మలేం."

అల్లాబక్ష్ ఆ రోజు టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

కేంద్రం వెనక నెట్‌హౌస్ కట్టారు. సన్నటి వల, రెండు తలుపులు, ఒకటి మూశాకే రెండోది తెరవాలి. కూలీలు దాన్ని దోమతెర అనేవాళ్లు. లోకంలో ఎవరైనా దోమ లోపలికి రాకుండా దోమతెర కడతారు, సర్కారువాళ్లు మాత్రం దోమని లోపల పెట్టి కట్టారని మార్త నవ్వేది. మార్త కలుపుతీసే ఆడవాళ్ల ముఠాకి పెద్ద. అల్లాబక్ష్ మోపెడ్ కొత్తగా ఉన్నప్పటినుంచీ ఆ పొలాల్లోనే పనిచేస్తున్న మనిషి. నెట్‌హౌస్‌లో ఒక వరస కొత్త మినుము, పక్కనే ఒక వరస మామూలు మినుము చొప్పున వేశారు. మామూలు వాటికి తెగులు అంటించి లోపల తెల్లదోమల్ని వదిలారు. దోమ అన్నిటిమీదా వాలుతుంది, అన్నిటినీ కుడుతుంది. మామూలు వరస పసుపెక్కిపోయి కొత్త వరస నిలబడితేనే పరీక్ష నెగ్గినట్టు.

అంటే తెగులు పట్టిన మొక్కల్ని దగ్గరుండి కాపాడాలి. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ఏళ్లతరబడి "పచ్చబడింది కనిపిస్తే పీకెయ్యి" అని మార్త ముఠాకి నూరిపోసింది అల్లాబక్షే. రైతులకి ఎక్కలేదు గానీ వీళ్లకి బాగా ఎక్కింది. నెట్‌హౌస్‌లో అడుగుపెట్టడం ఆలస్యం, వాళ్ల చేతులు పసుపు మొక్కల మీదికే పోయేవి. "పచ్చవాటి జోలికి పోవద్దు! పచ్చది ఒక్కటి పీకారంటే నేనూరుకోను!" అని ఆయన నవంబరు నుంచీ తలుపు దగ్గర నిలబడి అరుస్తూనే ఉన్నాడు.

"పీకమన్నదీ తమరే, వద్దన్నదీ తమరేనాయె" అని మార్త గొణుక్కుంటూ చేతులు వెనక్కి తీసుకునేది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. లోపలిది ఆకు ముక్కైనా కేంద్రం దాటి పోకూడదు. ఏది పీకినా అప్పటికప్పుడు వెనక గోతిలో వేసి కాల్చెయ్యాలి. జన్యువులు మార్చిన మొక్క ఊళ్లోకి పోకుండా సర్కారు పెట్టిన నియమం అది. అల్లాబక్ష్ దాన్ని రోజూ పొద్దున్నే ముఠా చేత వల్లె వేయించేవాడు.

రెండువేల ఆరు జనవరి వచ్చేసరికి మామూలు వరసలన్నీ పసుపు ముద్దలయ్యాయి. కొత్త వరసల్లోనూ చాలా మొక్కలు ఓడిపోయాయి, చుక్కలు తేలి ముడుచుకుపోయాయి. కానీ నడిమి వరసలో మొక్కలు మాత్రం పచ్చగా నిలబడ్డాయి. చుట్టూ అంత తెగులు, ఆకుల మీద అన్ని దోమలు, అయినా మచ్చ లేదు. కింది కాయలు నల్లబడి ఎండుతున్నాయి కూడా. అల్లాబక్ష్ వంగి ఒక్కో ఆకూ తిప్పి చూశాడు. తిట్టడానికి ఏమీ దొరక్క కాసేపు అలాగే కూర్చుండిపోయాడు.

"ఈ గింజ చేతికొస్తే ఇంకో తరం పెంచి చూడాలి. హైదరాబాదు నుంచి కమిటీ వస్తోంది. వాళ్లు చూసి సరేనంటేనే నెట్‌హౌస్ ఉంటుంది, లేకపోతే మూసేస్తారు" అంది నాగవేణి.

కమిటీ వచ్చేది బక్రీదు మర్నాడు. నాగవేణి వాళ్లని తీసుకురావడానికి హైదరాబాదు వెళ్లింది. అల్లాబక్ష్ ఒక్కరోజు సెలవు పెట్టాడు. పండగపూట కూడా సెలవు పెట్టకూడదని ఆయనకి ఎవరు చెబుతారు?

నమాజు ముగించుకుని, కొత్త లాల్చీకి అత్తరు పూసుకుని, ఆయన కంచం ముందు కూర్చున్నాడు. పొద్దుటినుంచీ ఆమినాబీకి చెప్పిందే చెబుతున్నాడు. ఎంత పచ్చగా ఉన్నాయో చూడాలి నువ్వు, అంత పచ్చటి మినుము నేను పుట్టి ఎరగను అని. అప్పుడు ఫోను మోగింది.

"సాయిబుగారూ, మార్తనండీ. పండగపూట విసిగిస్తున్నానండీ. రేపు పెద్దసార్లు నిలబడ్డానికి దోమతెరలో చోటు చెయ్యాలంట. మధ్యలో ఒక వరస తీసెయ్యమన్నారు సంజీవరావుగారు, ఏ వరసో మిమ్మల్ని అడగమన్నారండీ. పచ్చవి తీసెయ్యమంటారా?"

సంజీవరావు కేంద్రం మేనేజరు. చోటు కావాలన్నంతవరకే ఆయనకి తెలుసు. మార్త అన్న పచ్చ పసుపు. అల్లాబక్ష్ విన్న పచ్చ ఆకుపచ్చ. పొద్దుటినుంచీ ఆయన నోట్లో నానుతున్నది ఆ పచ్చే మరి. చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది.

"పచ్చవా? నీకేమైనా మతిపోయిందా మార్తమ్మా! పచ్చవాటి మీద చెయ్యి పడిందంటే నేను మనిషిని కాను! అవి పోతే అంతా పోయినట్టే!"

"అయ్యో, కోప్పడకండి. మరైతే పక్కనున్న రెండోవి తియ్యమంటారా?"

"ఆ దిక్కుమాలినవి తీసి తగలెయ్యి! ఒక వరస పోతే మనకొచ్చే నష్టం ఏమీ లేదు."

"అలాగేనండీ" అని మార్త ఫోను పెట్టేసింది.

మనం తెలుగువాళ్లం పసుపునీ పచ్చే అంటాం, ఆకునీ పచ్చే అంటాం. పచ్చకామెర్లలో పచ్చ ఒకటి, పచ్చటి చేలో పచ్చ ఇంకొకటి. ఇన్ని వందల ఏళ్లుగా ఇంతమంది పండితులు కూర్చుని ఆ రెండు రంగులకీ మధ్య ఒక గోడ కట్టలేకపోయారు. కట్టి ఉంటే ఆ రోజు అల్లాబక్ష్ బిరియానీ సుఖంగా తిని ఉండేవాడు.

మధ్యాహ్నం ఫోను మళ్లీ మోగింది. ఈసారి మార్త గొంతులో పని పూర్తిచేసిన తృప్తి ఉంది.

"అయిపోయిందండీ. పచ్చవి ఒక్కటంటే ఒక్కటి ముట్టుకోలేదు, ఒట్టు. ఆ నిగనిగలాడే చెట్లు పీకబుద్ధి కాలేదు గానీ, మీరు అంతలా చెప్పాక తప్పుతుందాండీ? గోతిలో వేసి కాల్చేశాం కూడా."

"నిగనిగలాడే" అన్న మాట దగ్గరే అల్లాబక్ష్ చెవులు మూసుకుపోయాయి. రిసీవరు పెట్టాడో లేదో కూడా చూసుకోలేదు. జరిగింది చెబితే ఆమినాబీ నోటి మీద చెయ్యేసుకుంది. "మన మాటల్లో ఆకుపచ్చని హరా అంటాం, పసుపుని పీలా అంటాం. మీరు ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడి ఉంటే ఇంత తంటా వచ్చేదా?" అంది.

"మార్తతో ఉర్దూలో మాట్లాడమంటావా?" అని ఆయన చెప్పులు వేసుకుంటూ అరిచాడు.

పండగ రద్దీలో బందరు రోడ్డు మీద బస్సు నత్తలా కదిలింది. బెంజి సర్కిల్ దగ్గర ఆగింది, పెనమలూరులో ఆగింది, కంకిపాడులో డ్రైవరు టీ తాగడానికి దిగాడు. అత్తరు వాసనతో, కొత్త లాల్చీలో, ఏడుపు మొహంతో కూర్చున్న ఈ మనిషిని చూసి పక్క సీటావిడ పాపం ఎవరో పోయినట్టున్నారనుకుంది. అల్లాబక్ష్‌కి నిజంగానే ఎవరో పోయినట్టుంది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక కనిపించిన ప్రతివాడిమీదా తెచ్చుకున్నాడు.

గోతిలో బూడిద ఇంకా వేడిగానే ఉంది. నెట్‌హౌస్‌లో మధ్యన శుభ్రంగా ఊడ్చిన ఖాళీ స్థలం, అటూ ఇటూ భద్రంగా పసుపు మొక్కలు. ఆయన గోతి పక్కన గట్టుమీద కూలబడ్డాడు. ముఠా అంతా దూరంగా నిలబడింది. మార్త ఒక్కతే దగ్గరికొచ్చింది.

"మీరే కదండీ పచ్చవి ముట్టుకోవద్దన్నారు."

"అన్నాను. నేనే అన్నాను" అన్నాడు అల్లాబక్ష్. "ఇన్నేళ్లు ఈ ఊళ్లన్నీ తిరిగి అరిచాను మార్తమ్మా, ఒక్కడైనా నా మాట విన్నాడా? అందరూ వినకుండా బాగానే ఉన్నారు కదా, మీరు కూడా ఈ ఒక్కరోజు వినకుండా ఉండలేకపోయారా? పీకమంటే పీకి, కాల్చమంటే కాల్చి, చెప్పినవన్నీ చెప్పినట్టు చేసేశారే!"

మార్త కొంగు గుప్పిట్లో పట్టుకుని నేలచూపులు చూసింది. "అన్నీ చెయ్యలేదండీ."

"ఏం చెయ్యలేదు?"

"తిట్టనంటే చెప్తానండీ."

"తిట్టే ఓపిక కూడా లేదు, చెప్పు."

ఆమె మెల్లగా కొంగు ముడి విప్పింది. లోపల నల్లబడి ఎండిన మినపకాయలు, గుప్పెడు. "కాయలున్న చెట్టుని అలాగే మంటలో ఎలా వేస్తామండీ, చేతులు రాలేదు. ఎండిన కాయలు కోసుకుని చెట్లు కాల్చాం. తీరా కోశాక, బయటికి పోకూడదన్నారు కదా అని భయమేసింది. ఇంటికి పట్టుకుపోలేక, మంటలో వెయ్యలేక, ఇందాకటినుంచీ ఇక్కడే తచ్చాడుతున్నామండీ."

అల్లాబక్ష్ రెండు చేతులూ చాచి ఆ కాయల్ని లాల్చీ ఒళ్లో పోయించుకున్నాడు. ఆ తర్వాత, తిట్టనన్న మాట మరిచిపోయి, నియమం అంటే లెక్కలేదా, ఇదే సంజీవరావుగారు చూస్తే ఏమయ్యేది అని చెడామడా తిట్టాడు. తిడుతూనే కళ్లు తుడుచుకున్నాడు. మార్త ఏమీ అనుకోలేదు. ఆయన తిడుతున్నాడంటే బాగానే ఉన్నాడని ఆ ముఠాలో అందరికీ తెలుసు.

మర్నాడు నాగవేణి జరిగింది విని, కాయలు ఒలిపించి పొట్లం కట్టింది. గింజలు దక్కాయి గానీ అన్నీ కలిసిపోయాయి, ఏ గింజ ఏ మొక్క బిడ్డో తెలియదు. ఒక్కోదాన్నీ మళ్లీ మొదటినుంచీ పరీక్షించాలి. కమిటీవాళ్లు నెట్‌హౌస్‌లో మార్త ఊడ్చిన చోటే నిలబడి అన్నివైపులా పసుపు మొక్కల్ని చూశారు. "ఇదేనా అమ్మా మీ తెగులు తట్టుకునే మినుము?" అని అడిగాడు అందులో పెద్దాయన. నాగవేణి గింజల పొట్లం విప్పి, రెండు పచ్చల సంగతీ దాచకుండా చెప్పింది. పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడు. అంత నవ్వినందుకు మొహమాటపడ్డాడో ఏమో, సరే ఇంకో ఏడాది చూద్దామన్నాడు. అల్లాబక్ష్ మాత్రం నవ్వలేదు. ఆ ఏడాది తనకి లేదు.

వేసవిలో ఆయన రిటైరయ్యాడు. సన్మానానికి వెంకటప్పయ్య చామంతి దండ తెచ్చాడు, అదీ పసుపే. దండ వేసి, చెయ్యి పట్టుకుని, "పోయేముందైనా చెప్పండి సాయిబుగారూ, మందేంటండీ?" అని అడిగాడు. అందరూ నవ్వారు. "లేదండీ" అన్నాడు అల్లాబక్ష్. ఎప్పుడూ అరుస్తూ చెప్పే ఆ మాట ఆ రోజు చిన్నగా వచ్చింది. ఇంటికెళ్లేదాకా ఆ మాటే గుచ్చుకుంటూ ఉంది.

తర్వాత నెలలన్నీ ఆయన ఇంట్లో కూర్చుని ఆమినాబీ వంటకి వంకలు పెట్టాడు, వీధి కుళాయి మీద ఫిర్యాదులు చేశాడు. జనవరిలో ఒక పొద్దున ఫోను మోగింది.

"సాయిబుగారూ, మార్తనండీ. నాగవేణమ్మగారు ఫోను చెయ్యమన్నారు. ఆ గింజలు మొలిపించారు కదండీ, దోమల్ని కూడా వదిలి చాలా రోజులైంది. చెట్లన్నీ పచ్చగా ఉన్నాయండీ."

ఈసారి అల్లాబక్ష్ తొందరపడలేదు. "ఏ పచ్చ మార్తమ్మా?"

ఏ మాట చెబితే ఈ మనిషికి సరిగ్గా అర్థమవుతుందా అని మార్త ఆలోచిస్తోంది.

"మీరు తిట్టని పచ్చండీ."

ఆయన అప్పుడే కాలితో చెప్పులు వెతుక్కుంటున్నాడు. మార్తే మళ్లీ అంది, "వెంకటప్పయ్యగారు కూడా ఇక్కడే ఉన్నారండీ, ఆకుల కట్ట పట్టుకుని. మందేంటని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

"ఇంకా కొన్నేళ్లు ఆగాలని చెప్పు" అన్నాడు అల్లాబక్ష్. "కానీ ఈసారి లేదని మాత్రం చెప్పకు. నేను వచ్చి చెబుతాను. మార్తమ్మా, నేను బస్సెక్కుతున్నాను, నేనొచ్చేదాకా ఏ పచ్చదీ, వింటున్నావా, ఏ పచ్చదీ ఎవరూ పీకొద్దు!"